సైరంధ్రి మొర



వానలు కురియని యేట విరాటపర్వము చదివించుట తెలుగు పల్లెల ఆచారము. వానకై వినిన ఆ పర్వములో నొక పనికత్తె మొర కూడ నున్నదని తలచువారు తక్కువ.

సైరంధ్రి సుదేష్ణ యంతఃపురమున పూలు గూర్చి, తలదువ్వి జీవించినది. కీచకుని యింటినుండి మద్యము తెమ్మని రాణి యాజ్ఞాపింపగా, తన్ను పంపవలదని వేడుకొన్నది, విధిలేక వెళ్ళినది. అచట వాడు చేయి పట్టగా విడిపించుకొని కొలువుకూటమునకు పరుగిడినది. వాడు వెంటవచ్చి అందరి యెదుటను తన్నినాడు. తన మరదియు సేనాపతియు నగు వానిని విరాటుడు దండింపలేదు. మంచి మాటలతో అనునయించినాడు. కంకుడు, సభలో నాట్యకత్తెవలె నిలువదగదని ఆమెనే మందలించినాడు. ఆయన ధర్మరాజు, అజ్ఞాతవాసము బయటపడునను భయము ఆయనది. అయినను మొరపెట్టినామె నిలిచిన తీరు విచారణకు వచ్చినది. తన్నినవాని నడత రాలేదు. కీచకుని ఖాతాలో వ్రాయవలసిన పద్దు సైరంధ్రి ఖాతాలో పడినది.

ఇట్టి తప్పుడు పద్దులు నేటికిని పడుచున్నవి. ఉయ్యూరు చుట్టుపట్ల నాట్లు వేయు చేలలో గాని, చెరకు తోటలలో గాని, దుకాణములలో, కచ్చేరీలలో గాని స్త్రీ మొరపెట్టినచో మొదటి ప్రశ్న "అక్కడికేల వెళ్ళినావు?" అని. వెళ్ళినది పనికి గదా! మరునాడు పనికి పిలువరను భయమున నోరు మెదపనివారెందరో.

రాజస్థానములో బాల్యవివాహము నాపబోయిన గ్రామకార్యకర్త్రిపై 1992లో అత్యాచారము జరిగినది. ఆ పిమ్మట 'విశాఖ' యను సంస్థ మున్నగువారు వేసిన వ్యాజ్యమున 1997లో సుప్రీంకోర్టు నియమములు విధించినది. 2013లో పార్లమెంటు చట్టము చేసినది. 10 మంది గాని అంతకు మించి గాని పనిచేయుచోట విచారణ సంఘ ముండవలెను. అంతకు తక్కువ చోట్లకును, ఇంటి పనివారికిని జిల్లాకొక స్థానిక సంఘము నేర్పరుపవలెను. ఫిర్యాదు 3 నెలలలోపల వ్రాసి యీయవలెను. వ్రాయలేనివారికి సాయపడు బాధ్యత ఆ సంఘమువారిదే.

25 ఏండ్లు నిండిన యీ గ్రంథాలయమున భారతము కలదు. దాని ప్రక్కనే ఆ చట్టము ప్రతి యొకటి యుండవలెను. చదువురానివారికి చదివి చెప్పు యువకులు, యువతులు ముందుకు రావలెను. మొర వినగానే "ఏమి జరిగినదమ్మా?" అని యడుగగలిగిన నాడు మన గ్రామసభ విరాటుని కొలువుకన్న మేలైనది యగును.

స్వస్తి.