కోతకు ముందే కణితిని చూడటం





"ఆపరేషన్‌కు సాయం చేస్తాం సరే, మళ్లీ ఈ స్కానింగ్ ఖర్చు ఎందుకు?" అని దాతలు అడగడం న్యాయమే. ఒక సర్జన్‌గా, కిడ్నీ కణితిని ఉదాహరణగా తీసుకుని జవాబు చెబుతాను.

ఈ రోజుల్లో చాలా కిడ్నీ కణితులు వేరే కారణానికి తీసిన అల్ట్రాసౌండ్‌లో అనుకోకుండా బయటపడుతున్నాయి. కణితి 4 సెంటీమీటర్ల లోపు ఉంటే, వీలున్నంతవరకు దాన్ని మాత్రమే తీసి మిగతా కిడ్నీని కాపాడాలి. షుగరు, బీపీ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. కిడ్నీ మొత్తం తీసేశాక మిగిలిన ఒక్కటీ దెబ్బతింటే డయాలసిస్ మీద బతకాల్సి వస్తుంది.

లాపరోస్కోపీలో పొట్ట మీద 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు పెడతాం. నొప్పి తక్కువ, రోగి త్వరగా పనిలోకి వెళ్తాడు. కానీ సర్జన్ చెయ్యి లోపలికి పోదు, కణితి ఎంత లోతుందో తడిమి చూసే వీలుండదు. పైగా రక్తం పోకుండా కిడ్నీ ధమనిని క్లాంపుతో మూస్తాం. అలా మూసి ఉంచేది 25, 30 నిమిషాలు దాటకుండా చూసుకుంటాం. వెతుకులాటకు అప్పుడు సమయం ఉండదు, అది ముందే అయిపోవాలి.

అది జరిగేది సీటీ స్కాన్‌లో. కాంట్రాస్ట్ మందు ఎక్కించి ధమనులు, సిరలు, మూత్రం పోయే దారులు వేర్వేరు వేళల్లో స్పష్టంగా కనిపించేలా చిత్రాలు తీస్తారు. సుమారు 1 మిల్లీమీటరు మందం పొరలు వందల కొద్దీ వస్తాయి. కంప్యూటర్ వాటిని పేర్చి కిడ్నీ రూపం కడుతుంది. ధమని ఒక రంగు, సిర ఒక రంగు, కణితి మరో రంగు. తెర మీద ఎటైనా తిప్పి చూసుకోవచ్చు. సుమారు నలుగురిలో ఒకరికి ఒక కిడ్నీకి ఒకటికి మించి ధమనులుంటాయి. రెండోది ఉందని తెలియక ఒకటే మూస్తే, కోసేటప్పుడు రక్తం కమ్ముకుని పొట్ట తెరవాల్సి రావచ్చు.

ఈ బొమ్మకూ హద్దులున్నాయి. రోగిని పక్కకు తిప్పి, పొట్టలో గ్యాసు నింపగానే అవయవాలు కాస్త జరుగుతాయి. అందుకే అవసరమైతే లోపల అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి సరిచూసుకుంటాం. పైకి ఉబ్బి కనిపించే చిన్న కణితికి మామూలు సీటీ చిత్రాలే చాలు.

దాతలకు రెండు విన్నపాలు. త్రీడీ ప్లానింగ్ ఎందుకు అవసరమో సర్జన్‌ను రాసివ్వమనండి. అవసరమైన చోట ఆ ఖర్చును ఆపరేషన్ సాయంలోనే కలపండి. రెండోది, ఫిల్ములు, రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకుని భద్రంగా దాచుకోమని ప్రతి రోగికీ చెప్పించండి. త్రీడీ బొమ్మ ఆ ఫైళ్ల నుంచే వస్తుంది. సీడీ పోతే అదే స్కాన్ మళ్లీ తీయాలి. మీ డబ్బూ రెండుసార్లు, రోగికి రేడియేషనూ రెండుసార్లు.

స్కానింగ్ బిల్లు ఒక్కసారిది. వారానికి 2, 3 సార్లు చేయించుకోవాల్సిన డయాలసిస్ ఏళ్ల తరబడి కుటుంబం మీద పడే భారం. ఈ లెక్క చూసి నిర్ణయించండి.