ఉమ్మడి ఖాతా – ఒకరి అప్పు



మా యింటిదానికి కంటిశుక్లము తీయించుటకై పైకము కావలసి, ఒకనాటి యుదయమున బ్యాంకునకు బోయితిని. గుమాస్తా పుస్తకము చూచి, "మాస్టరుగారూ, ఈ ఖాతా కోర్టువారి జప్తులో నున్నది. ఒక్క రూపాయియైనను ఇచ్చుటకు వీలులేదు" అనెను. నేనెవరికిని బాకీ లేను. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దమంజరి చెప్పినవాడను. కోర్టుగుమ్మ మెక్కి యెరుగను.

సంగతి యేమనగా, నాకు మోకాళ్లనొప్పులు. బ్యాంకు ఆరు కిలోమీటర్ల దూరము. మాటిమాటికి పోలేక, మా తమ్ముని పేరుకూడ ఖాతాలో చేర్పించి, ఇద్దరిలో ఎవరైనను తీసికొనవచ్చునని వ్రాయించితిని. అందలి సొమ్ము నా గ్రాట్యుటీయు, ధాన్యపు వెలయు. తమ్ముడు ఒక స్నేహితుని అప్పునకు జామీను నిలిచెను. స్నేహితుడు చెల్లింపలేదు. అప్పిచ్చినవారు తమ్మునిమీద డిక్రీ పొంది, అతని పేరున్న ఖాతాలను వెదకగా నాది దొరకినది.

మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము. తండ్రి యప్పు కొడుకు తీర్చవలెనని మన పూర్వులు విధించిరి; న్యాయస్థానములును చాలకాలము ఆ విధిని మన్నించినవి. 2005 లో హిందూ వారసత్వ చట్టమును సవరించి, అటుపిమ్మట చేసిన తండ్రి యప్పులకు ఆ ధర్మమొక్కటే ఆధారముగా కొడుకుపై పోరాదనిరి. ఇక పాళ్లు పంచుకొని వేరుపడిన తమ్ముని జామీనునకు అన్న బాధ్యుడని నేను చదివిన స్మృతులలో ఎక్కడను లేదు.

అట్లయిన జప్తు ఎట్లు వచ్చినది? బ్యాంకులోని సొమ్ము చట్టము దృష్టిలో మన పెట్టెలోని సొమ్ము కాదు. బ్యాంకు మనకు ఇయ్యవలసిన బాకీ. ఋణస్థునకు ఇతరులు ఇయ్యవలసిన బాకీని పట్టుటకు 1908 సివిలు ప్రొసీజరు కోడులోని 21వ ఆర్డరు వీలు కల్పించుచున్నది. 1976 లో చేర్చిన నిబంధనల ప్రకారము, సొమ్ము కోర్టులో కట్టుమనియో, ఏల కట్టగూడదో చెప్పుమనియో బ్యాంకునకు నోటీసు పంపుదురు. వ్యవహారమున దీనిని గార్నిషీ ఉత్తరువందురు.

భార్యాభర్తల ఉమ్మడి ఖాతాను భర్త యొక్కని యప్పునకై పట్టగూడదని ఇంగ్లండులో 1938 లో తీర్పు వచ్చినది. మన బ్యాంకులును సాధారణముగా ఒక్కరిపేర వచ్చిన ఉత్తరువును ఉమ్మడి ఖాతాకు అన్వయింపవు. కాని ఉత్తరువులో ఖాతాసంఖ్యయే వ్రాసి పంపినచో వారేమి చేయగలరు? నా విషయమున జరిగినదదియే. 1961 ఆదాయపు పన్ను చట్టములోనైతే, వేరుగా రుజువగువరకు ఉమ్మడి ఖాతాదారుల భాగములు సమానమని భావింపవలెనని స్పష్టముగనే వ్రాసిరి.

ఆ రుజువే మాకును కావలసివచ్చినది. భర్త తన సొమ్మును భార్యపేరుతో కలిపి, ఇద్దరిలో ఎవరైనను, లేక బ్రతికియున్నవారు తీసికొనవచ్చునని వేసినంతమాత్రమున అది యామెకు దానమైనట్లు భావింపరాదని 1928 లో ప్రీవీ కౌన్సిలువారు చెప్పియుండిరి. మా వకీలు ఆ తీర్పును పట్టుకొని, 58వ నిబంధన క్రింద ఆక్షేపణ దాఖలు చేసెను. కావలెననిగాని నిష్కారణముగగాని ఆలస్యముచేసిన ఆక్షేపణను కోర్టువారు స్వీకరింపరు. కావున వారము దాటనీయలేదు. గ్రాట్యుటీ జమపద్దు, ధాన్యపు కాటాచీట్లు, నా యింటి లెక్కలపుస్తకము చూపితిమి. కొత్తిమీర కొన్న కానులుకూడ వ్రాయుదునని మా యింటిది నవ్వెడిది; ఆ పుస్తకమే సాక్షి యైనది. తమ్ముడును ఆ సొమ్ములో తనకు గవ్వయు లేదని ప్రమాణము చేసెను.

జప్తు తొలగుటకు ఏడు నెలలు పట్టినది. ఈలోపల కంటివైద్యము మా వియ్యంకులిచ్చిన చేబదులుతో జరిగినది.

తోడుకొరకు పేరు చేర్చనక్కరలేదని పిమ్మట తెలిసికొంటిని. నా తరపున ఫలానావారు పైకము తీసికొనవచ్చునని బ్యాంకునకు అధికారపత్రము వ్రాసియిచ్చిన చాలును. దానివలన వారు సొత్తునకు యజమానులు కారు. నామినీ పేరు వ్రాయుట వేరుమాట. మనము బ్రతికియుండగా నామినీకి హక్కులేదు.

కోర్టు వెలుపలికి రాగానే తమ్ముడు, "అన్నయ్యా, ముందు ఆ ఖాతాలో నాపేరు తీయించు" మనెను. తీయించితిని. అధికారపత్రము అతని పేరనే యిచ్చితిని. ఇప్పటికిని నెల మొదటివారమున పైకము తెచ్చియిచ్చుచున్నవాడు అతడే.