తూనీగ కంటికి మీ కారు చెరువే!

వాన వెలిశాక బందరు రోడ్డులో పార్క్ చేసిన కారు బానెట్ మీద తూనీగ తోకతో టక్ టక్‌మని తాకుతూ ఎగరడం చూశారా? ఆడుకుంటోంది అనుకుంటాం. కాదండీ, గుడ్లు పెడుతోంది. అది చెరువనుకుంటోంది పాపం!

ముందు దాని కంటి సంగతి చూద్దాం. ఒక్కో కంట్లో దాదాపు 30,000 బుల్లి కళ్లు, తేనెపట్టు గదుల్లా. సినిమాల్లో పురుగు చూపు అని చెప్పి ఒకే మనిషిని వంద బొమ్మలుగా చూపిస్తారే, అదంతా ఉత్తిదే. ఒక్కో బుల్లి కన్ను ఒక్క చుక్క వెలుగునే పట్టుకుంటుంది. అవన్నీ కలిస్తే ఒకే బొమ్మ, మీ ఫోన్లో పిక్సెల్స్ లాగే. అంటే 0.03 మెగాపిక్సెల్! మన చవక ఫోన్ ముందు కూడా దిగదుడుపే.

మరి గాల్లో దోమని ఎలా పడుతుంది? స్పీడు. సెకనుకి 60 సార్లు ఆరి వెలిగే లైటు మనకి ఆగకుండా వెలిగినట్టే ఉంటుంది. ఈగలాంటివి 200 పైన మినుకుల్ని కూడా విడివిడిగా చూస్తాయి. మీ 60 హెర్ట్జ్ ఫోన్లో రీల్ దానికి స్లైడ్ షో అన్నమాట. మనం చెయ్యెత్తగానే తుర్రుమనేది అందుకే.

ఇక అసలు పాయింటు. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా ఊగుతుంది. దాన్నే పోలరైజ్డ్ లైట్ అంటారు. ఆ తేడా మనకి తెలీదు, తూనీగకి తెలుస్తుంది. కింద నుంచి అలాంటి వెలుగు వస్తే నీళ్లున్నట్టే అని దాని లెక్క. కార్లు పుట్టకముందు ఆ లెక్క బాగానే పనిచేసింది. ఇప్పుడు మెరిసే పెయింటు, నల్ల గ్రానైటు, సోలార్ ప్యానెల్... అన్నీ దానికి నీళ్లే. ఎర్ర కార్లు, ముదురు రంగు కార్లు నీటి పురుగుల్ని ఎక్కువ లాగుతాయని హంగేరీ శాస్త్రవేత్తలు 2006లో తేల్చారు. ఎండకి కాలే బానెట్ మీద గుడ్డు బతుకుతుందా చెప్పండి?

దీంతో మనకేంటి అంటారా? బందరు, ఏలూరు, రైవస్ కాలవల మధ్య దోమలతో కాపురం చేసే ఊరు మనది. తూనీగ పిల్లలు నీళ్లలో దోమ పిల్లల్ని తింటాయి. పెద్దవి ఎగిరే దోమల్ని తింటాయి, వరిచేలో పురుగుల్నీ పట్టి తింటాయి. జీతం లేని కాపలా!

సోలార్ ప్యానెల్ మీద తెల్ల గీతలతో గళ్లు వేస్తే ఈ మోసం బాగా తగ్గుతుందని కూడా అదే హంగేరీ వాళ్లు 2010లో చూపించారు. కారుకైతే మెరవని గుడ్డ కవర్ కప్పినా చాలు.

మీ దగ్గర పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ ఉన్నాయా? పెట్టుకుని కాలవ వైపు చూస్తూ తల మెల్లగా పక్కకి వంచండి. నీటి మీద మెరుపు పెరుగుతుంది. తర్వాత నల్ల కారు దగ్గర కూడా అలాగే చేసి, ఏం కనిపించిందో కామెంట్లో రాయండి.