నాయకుడు శిక్షకుడైన తీరు

2025 జూన్ మాసమున ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగులో మన నగరము పేర బరిలో దిగిన హైదరాబాద్ హీరోస్ జట్టునకు ప్రధాన శిక్షకుడై వచ్చినవాడు, న్యూజిలాండు సెవెన్స్ జట్టును చిరకాలము నడిపించిన డీజే ఫోర్బ్స్. 2010లో మన ఢిల్లీయందు కామన్వెల్త్ స్వర్ణము గెలిచి, 2013లో మాస్కోలో ప్రపంచ కప్పు నందుకొన్న జట్టునకు నాయకుడాతడు.

సెవెన్స్ అనగా పక్షమునకు ఏడుగురు, సగమునకు ఏడు నిమిషములు. బంతిని చేతితో ముందుకు విసరరాదు. కనుక బంతి పట్టినవాడు దూసుకొనిపోవుచుండగా, సహచరుడు అతని భుజమునకు కొంచెము వెనుకగా, పిలిచిన పలుకు వినబడునంత చేరువలో పరుగెత్తుచుండవలెను. ఊపిరి ఎగబోయుచున్న కడపటి నిమిషమునందును ఆ స్థానము తప్పకుండుట మాటలతో అబ్బునది కాదు. స్వయముగా ఆడి, పడి, లేచినవాని కన్ను ఆ స్థానము తప్పిన లోపమును ఇట్టే పసిగట్టును. ఫోర్బ్స్ వంటివారి విలువ నా దృష్టిలో ఇక్కడనే యున్నది.

మన నగరపు గాజులరామారం కుర్రవారికి రగ్బీ కొత్తయే కావచ్చును గాని, కబడ్డీ కూతకు వచ్చినవానిని నడుము పట్టి నిలువరించు ఒడుపు కొత్త కాదు. రగ్బీలోని టాకిల్ దానికి దాయాదియే. అట్టివారి చేతికి ఈ కోలబంతిని అందించు శిక్షకులు మన పేటలకును రావలెనని మనసార కోరుచున్నాను.