పొరపాటును పారవేయని పనివాడు

లాబొరేటరీలలో పనిచేయు సంఘ సభ్యులము కొందరము కలిసి ఒక శాస్త్రజ్ఞుని కృషిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

రక్తమునకు ఎరుపునిచ్చు హెమోగ్లోబిన్, చక్కెరను అదుపుచేయు ఇన్సులిన్, ఇవన్నియు మాంసకృత్తులే. ఇంగ్లీషు చదివిన మన పిల్లలు వాటిని ప్రోటీనులందురు. ఒంటిలో ఏ ప్రోటీను ఉన్నదో తెలిసికొనుటకు ఒక మార్గము దాని అణువును తూచుట. ఆ తూచు యంత్రము పేరు మాస్ స్పెక్ట్రోమీటరు. అందులో ఒక విధమైనది అణువునకు విద్యుత్తు పట్టించి, గాలి తీసివేసిన గొట్టములో పరుగెత్తించును. తేలికైనది ముందు, బరువైనది వెనుక చేరును. పట్టిన కాలమును బట్టి బరువు తెలియును.

అయితే అణువు మొదట పైకి లేవవలెను గదా! కోడిగ్రుడ్డు తెల్లసొనను పెనము మీద వేసిన ఏమగునో మన తల్లులందరికి తెలియును. నీరు ఆవిరియగును గాని సొన గట్టిపడి పెనమును అంటుకొనును. ప్రోటీనులతో శాస్త్రజ్ఞులకు వచ్చిన చిక్కు ఇట్టిదే.

కోయిచి టనాకా 1959లో జపానులోని టోయామాలో పుట్టెను. పుట్టిన నెలలోపే తల్లి చనిపోగా బంధువులు కన్నబిడ్డవలె పెంచిరి. ఆ సంగతి కళాశాలకు వెళ్లు దినములలో గాని ఆయనకు తెలియలేదు. చదివినది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. జర్మను భాషలో తప్పినందున ఒక సంవత్సరము అదనముగా చదివెను. 1983లో క్యోటోలోని షిమాడ్జు కంపెనీలో చేరెను. డాక్టరేటు లేదు. రసాయన శాస్త్రములో ప్రత్యేకముగా శిక్షణ పొందలేదు.

1985 ఫిబ్రవరిలో ఒకనాడు అతి సన్నని కోబాల్టు లోహపు పొడిలో వేరొక ద్రవమునకు బదులు గ్లిజరిన్ కలిపివేసెను. పొరపాటని తెలిసెను. కాని ఆ పొడి ఖరీదైనది. పారవేయుట దండుగయని తలంచి, పరీక్షింపవలసిన బి12 విటమినుతో దానినే యంత్రములో పెట్టెను. గ్లిజరిన్ త్వరగా ఆరుటకై లేజరు కిరణములు ప్రసరింపజేయుచు, ఊరకుండక తెరను గమనించుచుండెను. ఎన్నడు చూడని గీత ఒకటి లేచెను. విటమిను అణువు చిట్లక పైకి లేచినది! తోడివారితో కలిసి రెండు సంవత్సరములు శ్రమించి, 1987 నాటికి హైడ్రోజన్ పరమాణువునకు 34 వేల రెట్లు బరువుగల ప్రోటీనును గూడ తూచి చూపెను.

2002లో నోబెల్ బహుమానము వచ్చినపుడు ఆయన వయస్సు 43. కంపెనీ పనిబట్టలతోనే విలేఖరుల ముందుకు వచ్చెను. ఆయనతో బహుమానము పంచుకొన్నవారిలో జాన్ ఫెన్ అను అమెరికా దేశస్థునికి అప్పటికి 85 సంవత్సరములు. విద్యుత్తు పట్టించిన సన్నని తుంపరగా ప్రోటీనులను లేపుట ఆయన కనుగొన్న దారి.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. నేడు లేజరుతో ప్రోటీనులను తూచుటకు ఎక్కువగా వాడుచున్నది జర్మనీకి చెందిన కరాస్, హిల్లెన్‌కాంప్ అనువారు రూపొందించిన పద్ధతి. వారికి ఆ బహుమానములో పాలు దక్కలేదు. పెద్ద ఆసుపత్రులలో రోగక్రిమి పేరును నిమిషములలో తెలుపు యంత్రములు వారి దారిలోనివే. గనుక పేరు రానివారి కష్టమును గూడ మరువరాదు.

టనాకా పెద్ద పదవులు కోరక పరిశోధనలోనే నిలిచెను. మతిమరుపు వ్యాధియగు అల్జీమర్స్‌కు సంబంధించి మెదడులో పేరుకొను పదార్థపు జాడను కొద్దిపాటి రక్తములో పట్టవచ్చునని 2018లో ఆయన బృందము, తోడి వైద్యులు ప్రకటించిరి. మెదడు స్కానులతో పోల్చగా సుమారు 90 శాతము సరిపోయెను. ఇది చికిత్స కాదు, జాడ తెలుపునది మాత్రమే. అయినను కన్నబిడ్డల పేర్లు మరచిన వృద్ధులున్న ఇండ్లవారికి ఇది ఎంత ముఖ్యమో మేము చెప్పనక్కరలేదు.

పొరపాటు చేయుట గొప్ప కాదు. అది అందరము చేయుదుము. చేసినదానిని దాచక, పారవేయక, కన్నులు తెరచి చూచుట గొప్ప. ఒక పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిరానివాడని మన ఇండ్లలో ఎన్నిమారులు అనియుంటిమో! ఇకమీదట అట్లు అనకుందుము. అంతయే మా మనవి. సెలవు.