మన జాబర్ మామ

(షోలాపూర్ తూర్పు భాగంలో జరిగిన సంతాప సభలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



రెండో పాళీ వదులుకుని వచ్చినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీటరు లెక్కన కూలి పడే మనకు ఒక పాళీ పోతే ఇంట్లో ఏమి తగ్గుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా వచ్చారు. జాబర్ మామ అంటే మనకు ఏమిటో చెప్పడానికి అదే చాలు. కానీ మిల్లు రోజులు చూడని కుర్రవాళ్ళు కూడా ఇక్కడ కూర్చున్నారు గనుక, వాళ్ళ కోసమైనా నాలుగు మాటలు చెప్పాలి.

మామ పేరు మస్టరు పుస్తకంలో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉండేది. మనం రెండిటితోనూ పిలవలేదు. జాబర్ మామ అన్నాం, అత్తమ్మ కూడా ఈ పత్రికలో అదే పేరు వేయమన్నది.

షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో లేచింది. దాని వెనక మరికొన్ని లేచాయి. నిజాం ఇలాకాలోని మన తెలుగు ఊళ్ళనుంచి శాలోళ్ళు మగ్గం గుంట వదిలి, పెళ్ళాం బిడ్డలతో ఇక్కడికి రావడం తరాల తరబడి సాగింది. మామ తండ్రి అట్లా కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. మామ పదహారో ఏట, 1960లో మిల్లు గేటులోపలికి పోయాడు. మొదటి ఎనిమిదేండ్లు కార్డింగ్ ఖాతాలో పని. ఆ ఎనిమిదేండ్ల సంగతి మళ్ళీ చెప్పుకుందాం, మరిచిపోకండి. తర్వాత సాంచా ఖాతాకు వచ్చి, నేత నేర్చి, ఆఖరుకు జాబర్ అయ్యాడు.

జాబర్ అనే మాటకు మన పెద్దవాళ్ళలో మంచి పేరు లేదు. పాత రోజుల్లో జాబర్ అంటే పనిలో పెట్టేదీ తీసేదీ వాడే. బదలీ కార్మికుడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే, జాబరు కంట పడాలి, వాడి చేతిలో ఏదో ఒకటి పడాలి. బొంబాయి మిల్లుల్లో దీనికి దస్తూరీ అని పేరే ఉండేది. మేము బదలీలో చేరిన రోజుల్లో కూడా ఆ వాసన పూర్తిగా పోలేదు. అటువంటి కుర్చీలో కూర్చుని, బదలీ కుర్రవాడి చేతి చాయ్ కూడా తాగనివాడు మామ. "నీ పైసలతో నువ్వు తాగు, నా పైసలతో నేను తాగుతా" అనేవాడు. నోరు మాత్రం మంచిది కాదు. తాగి పాళీకి వచ్చినవాణ్ణి అందరి ముందూ తిట్టేవాడు. తానేమో రోజంతా దవడలో తంబాకు పెట్టుకునేవాడు. అది మానమని అత్తమ్మ నలభై ఏండ్లు పోరింది, ఆ ఒక్క పోరాటంలో ఆమె గెలవలేదు.

పని సంగతి చెప్పాలంటే చెవి నుంచి మొదలు పెట్టాలి. వందల సాంచాలు ఒక్కసారి ఆడే షెడ్డులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు, సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆ మోతలో మామ వరస వెంట నడుస్తూ ఒకచోట ఆగేవాడు. షటిల్ పెట్టెలోకి పూర్తిగా చేరకపోతే సాంచా ధన్‌మని ఆగిపోతుందని నేసేవాళ్ళందరికీ తెలుసు. మామ అట్లా ఆగకముందే పట్టేవాడు. దెబ్బ కొట్టే తీరులోనే పికరు తోలు అరిగిందా, పట్టీ వదులైందా, పెట్టెలో పట్టు తగ్గిందా అని చెప్పేవాడు. పానా తీసి అర చుట్టు బిగించి, కాసేపు విని, పోయేవాడు. సాంచా ఆగితే నేతగాడి కూలి పోతుంది గనుక, మరమ్మతుకు పిలిస్తే తింటున్న ముద్ద వదిలి లేచేవాడు.

షటిల్ గార్డు లేని సాంచాను నడవనిచ్చేవాడు కాదు. ఇనుప మొన ఉన్న షటిల్ దారి తప్పి ఎగిరితే ఎదురు సాంచా మీద ఉన్నవాడి కన్ను పోతుంది. ఉత్పత్తి ఆగిందని సూపర్‌వైజర్ అరిచినా, గార్డు బిగించి నట్టు తిప్పిన తర్వాతే సాంచా అప్పగించేవాడు.

ఇంకొకటి. కండె మార్చినప్పుడల్లా దారం కొసను షటిల్ కంటిలోనుంచి నోటితో పీల్చడం మనకు అలవాటు. చేతికంటే నోటికి త్వరగా వస్తుంది. కానీ ఒకే షటిల్ మూడు పాళీలవాళ్ళ నోళ్ళు తిరుగుతుంది, దారంతో బాటు దుమ్మూ నూనే లోపలికి పోతాయి. మామ పాత హీల్డు తీగెలు వంచి చిన్న కొక్కేలు చేసి, తన వరసలో ఒక్కొక్కరికి ఒకటి ఇచ్చాడు. నోటితో పీల్చేవాడు కనపడితే నెత్తిన మొట్టేవాడు. మొట్టికాయ తిన్నవాళ్ళు ఈ సభలో కనీసం పదిమంది ఉన్నారు, నవ్వుతున్నారు కూడా.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజాము. గణపతి నిమజ్జనం అయిన రాత్రి గనుక మూడో పాళీకి సగం మందే వచ్చారు. నాలుగు గంటలకు కాస్త ముందు, కిల్లారి ఊళ్ళను నేలమట్టం చేసిన భూకంపం వచ్చింది. సాంచా ఖాతాలో నేల ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది, కాబట్టి మాలో ఎవరికీ తేడా తెలియలేదు. మామకు తెలిసింది. ఆయన ఉరికిపోయి మెయిన్ స్విచ్చి లాగాడు. మోత ఆగింది, అదురు ఆగలేదు. అప్పుడు అర్థమైంది మాకు. అందరినీ బయటికి తరిమి, లెక్క పెట్టి, ఒకడు తక్కువైతే మళ్ళీ లోపలికి పోయాడు. ఆ ఒకడు బీముల చాటున నిద్రపోతున్నాడు. మిల్లుకు ఏమీ కాలేదు. పాళీ ఆపినందుకు మరునాడు మామను సంజాయిషీ అడిగారు. "మనుషులను లెక్క పెట్టుకున్న" అని రెండు ముక్కలు తెలుగులో రాసి ఇచ్చాడు.

ఇక ఇల్లు. అత్తమ్మ బీడీలు చేసేది. మన తూర్పు భాగంలో ఏ ఇంటికి పోయినా ఇదే కథ కదా, మగవాడు సాంచా మీద, ఆడది చాట ముందు. వెయ్యి బీడీలు చుట్టాలంటే ముందు ఆకు తడపాలి, కత్తిరించాలి, ఆ తర్వాతే చుట్టడం, దారం కట్టడం. ఆకు కత్తిరించే పని మామది. పాళీ దిగి వచ్చి, స్నానం చేసి, తునికాకు కట్ట ముందు వేసుకుని, తానే కోసిన రేకు ఫర్మా పెట్టి కత్తెరతో ఒకే కొలతకు కోసేవాడు. మగవాడు ఆడవాళ్ళ పని చేస్తున్నాడని వాడకట్టులో నవ్వారు. "సాంచా మీద గుడ్డ నేస్తే మగపని, ఇంట్లో ఆకు కోస్తే ఆడపనా? కత్తెర అదే కదా" అన్నాడు. 1972 కరువులో, రేషన్‌లో వచ్చిన ఎర్ర మిలో జొన్నల రొట్టె తిన్న రోజుల్లో, ఆ ఇల్లు నిలబడింది ఆ రెండు జతల చేతుల మీదనే.

అత్తమ్మ బీడీ కార్డు మీద వచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇద్దరు ఆడపిల్లలు చదివారు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది, కానీ కారం పెట్టి అడగనిదే ఆ డబ్బు ఎవరి ఇంటికీ నడిచి రాలేదు. ఫారాలు పట్టుకుని మామ సెలవు రోజుల్లో తిరిగాడు. ఒక బిడ్డ నర్సు, ఒక బిడ్డ పంతులమ్మ. కొడుకు పూనాలో పని చేస్తున్నాడు. పిల్లల పెళ్ళిళ్ళకు అప్పు చేయనన్నాడు, చేయలేదు. బంధువుల్లో కొందరు ఇప్పటికీ ఆ మాట ఎత్తి నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

1996లో మా మిల్లు మూతపడింది. గేటు మీద కాగితం అతికించారు, అంతే. మామకు అప్పటికి యాభై దాటాయి. వారం తిరగకముందే పానాల సంచి భుజాన వేసుకుని కార్ఖానాల వెంట బయలుదేరాడు. ఎనిమిది సాంచాల ఆసామి దగ్గర, పన్నెండు సాంచాల ఆసామి దగ్గర, చద్దర్ల జకార్డులూ టవల్ సాంచాలూ మరమ్మతు చేశాడు. అక్కడా షటిల్ గార్డు మాట వదల్లేదు. ఈ షోలాపూర్ చద్దరుకూ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నప్పుడు, "చద్దరు పేరు కాగితం మీదకు ఎక్కింది, నేసినవాడి పేరు మస్టరు మీదకు ఎప్పుడు ఎక్కుతుంది?" అని అడిగాడు. కార్ఖానాల్లో మస్టరు లేకుండా, పి.ఎఫ్. లేకుండా బతుకులు వెళ్ళదీసినవాళ్ళకు ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో తెలుసు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మామ దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. అందులో జాబర్ అయిన రోజు నుంచి మిల్లు మూసిన రోజు వరకు రాసిన పుస్తకాలు. ఏ తేదీ, ఏ పాళీ, ఏ సాంచా మీద ఎవరు, ఏ టికెట్ నంబరు. బీము ఎప్పుడు దిగుతుందో తెలియడానికి తన పని కోసమే రాసుకున్నాడు. మిల్లు మూతపడ్డాక గ్రాట్యుయిటీ లెక్కలు వచ్చాయి. 1972 చట్టం ప్రకారం నిండిన ఏడాదికి పదిహేను రోజుల జీతం. బదలీలో పనిచేసిన మాకు, ఏడాదిలో 240 రోజులు చేశామని రుజువేదీ? యాజమాన్యం మస్టరు దొరకడం లేదన్నది. మామ పెట్టె తెరిచాడు. ఎంతోమంది సర్వీసు ఏండ్లు ఆ పుస్తకాల వల్లనే తేలాయి. అందరికీ అంతా రాలేదు, ఎవరికి ఎంత ఆగిపోయిందో సంఘం దగ్గర జాబితా ఉంది. కానీ చేయని పని చేసినట్టు ఒక్క రోజు కూడా ఆయన రాసి ఇవ్వలేదు. తన సొంత తమ్ముడు అడిగినా ఇవ్వలేదు. అందుకనే ఆ పుస్తకాన్ని ఎదుటి వకీలు కూడా కాదనలేకపోయాడు.

ఆ ఎనిమిదేండ్ల కార్డింగ్ సంగతి చెప్తామన్నాం. సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజు ఛాతి పట్టేసినట్టుండేదని, వారం నడిచేకొద్దీ తగ్గేదని మామ ఎప్పటినుంచో చెప్పేవాడు. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు మొదటి గుర్తు సరిగ్గా అదే. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో అది 1948 ఇ.ఎస్.ఐ. చట్టం కిందనే ఉండేది. మామ ఆస్పత్రి చీటీలన్నీ మేము చూశాం. ప్రతిదానిలో ఉబ్బసం అనే ఉంది. ఏ ఖాతాలో పనిచేశావని ఒక్కరు అడిగినట్టు లేదు. ఆఖరి రెండేండ్లు పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు. అత్తమ్మ పక్కనే కూర్చుని వీపు రాసేది. 2014లో కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలని ప్రకటించారు. ఆ వెయ్యి మందులకే పదిరోజులు వచ్చేది కాదు.

కనుక బ్లో రూములో, కార్డింగ్‌లో, టవల్ కార్ఖానాల దుమ్ములో పనిచేస్తున్నవాళ్ళకు ఒక విన్నపం. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, ఏ ఖాతా, ఎన్నేండ్లు, ఏ రోజు ఛాతి పడుతుంది అని. చీటీ మీద రాయించుకోండి. కార్డు ఉన్నప్పుడే పరీక్షలు చేయించుకోండి. ఆ చీటీని పారేయకండి. రాసుకోవడం రానివాళ్ళు ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి, మేము రాసిపెడతాం.

మామ పుస్తకాల పెట్టెను అత్తమ్మ సంఘానికి అప్పగించింది. బాకీ తేలనివాళ్ళు టికెట్ నంబరు చెప్తే చూసి చెప్పే ఏర్పాటు చేశాం. పానాల సంచి మాత్రం ఆమె ఇవ్వలేదు. నేర్చుకునే పిల్లవాడు ఎవడైనా వస్తే వాడి చేతికే ఇస్తానన్నది. నేర్చుకునే కుర్రవాళ్ళు ఉంటే సభ అయ్యాక పేర్లు ఇవ్వండి. మామ దగ్గర పని నేర్చిన ఇద్దరు జాబర్లు రాత్రి పూట నేర్పడానికి ఒప్పుకున్నారు.