ఆర్‌.సి. లేని పాత కారు

పాత కారు బేరం కుదిరింది, అమ్మేవారి దగ్గర ఆర్‌.సి. లేదు. దయచేసి అప్పుడే డబ్బు ఇవ్వకండి. పోయిన ఆర్‌.సి.కి నకలు అడగాల్సింది మీరు కాదు, రిజిస్టరులో పేరున్న యజమాని. పోలీసు ఫిర్యాదు ప్రతి జతచేసి ఆయనే ఫారం 26 పెట్టాలి. బండి మీద అప్పుంటే ఫైనాన్సు సంస్థ సమ్మతీ కావాలి. నకలు చేతికొచ్చాకే పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు. కొన్నవారు ఆ సంగతిని 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలపాలి. యజమాని చనిపోయి ఉంటే వారసులు ముందు ఫారం 31తో తమ పేరుకు మార్పించుకోవాలి.

అమ్మేవారూ వినండి. పేరు మారనంతవరకు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టరులో ఉన్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి చేతులు మారిపోయిందన్న వాదన అక్కడ నిలవలేదు.